తలంటు నోము

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటికి అడ్డాకులు వేసే అవ్వ. దమ్మపేట నుంచి అడవి మొదలయ్యేదాకా ఉన్న ఊళ్లలో పెళ్లికైనా తద్దినానికైనా విస్తళ్లు కుట్టుకోవాలంటే ఆ ఆకులే. ఆమెది అడవి లోపలి గూడెం. తెల్లారకముందే బయల్దేరి, నెత్తిన కట్టతో, ఎండ ముదరకముందే మా అరుగు మీద దిగేది. డెబ్బైల చివరి సంవత్సరాలవి. నేను కాపురానికి వచ్చి కొన్నేళ్లయింది, పిల్లలు ఇంకా చిన్నవాళ్లు.

ఆమె రాగానే మా అత్తయ్యకూ ఆమెకూ ఒక పోట్లాట జరగాలి. జరక్కపోతే ఇద్దరికీ పొద్దు గడవదు.

"ఏంటే ఈ కన్నాలు? చారు పోస్తే తినేవాడి ఒళ్లోకే పోయేటట్టుంది."

"చారు జర చిక్కగ కాయి పెద్దమ్మా, పోదు."

"నా చారు సంగతి నీకెందుకే!"

"తాగినోళ్లు చెప్తరు గద."

ఆ రోజు మాత్రం అవ్వ పోట్లాటకు దిగలేదు. కట్ట దించి, నీళ్లు తాగి, నా వైపు తిరిగింది.

"అమ్మా, జీడితోట ఇంట్ల ఓ పిల్ల ఉన్నది, ఎరికేనా?"

"ఎవరి పిల్ల?"

"ఇప్పుడు ఎవల పిల్లా కాదు. పొగాకు పనికి గోదావరి అవతలి దిక్కు నుంచి వచ్చినోళ్ల పిల్ల. తల్లి జరమొచ్చి పోయింది. తండ్రి మళ్లొస్తనని ఇడిసిపెట్టి పోయిండు, రాలే. ఆకులేసేటందుకు నేను గా ఇంటికి పోత గద. కొట్టిన సప్పుడు ఇనొస్తది. ఏడ్సిన సప్పుడు ఇనరాదు."

అవ్వ చెంబు కింద పెట్టింది.

"పిల్లన్నంక కొడితె ఏడ్వాలె గద అమ్మా. గట్ల ఏడ్వకపోతే నాకు బుగులైతాంది. నేను చెప్తే ఎవలింటరు? నువ్వు పూజలు చేసేదానివి. నువ్వు చెప్తే ఇంటరు."

ఇంత చెప్పి ఆమె ఆకులు లెక్కపెట్టించుకోకుండానే వెళ్లిపోయింది.

జీడితోట ఇల్లు మాకు పరాయిది కాదు. ఆ ఇంటాయన మా మామగారికి చిన్నాన్న కొడుకు, నాకు చిన్నమామయ్య వరస. మా చేనుకు నీళ్లు వచ్చేది ఆయన తోట పక్కనున్న ఉమ్మడి బావి నుంచే. ఊళ్లో ఆయనకు మంచి పేరు. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. గట్టు తగాదా వచ్చినా, మొగుడూ పెళ్లాలు కొట్టుకున్నా ఆయన్నే పిలిచేవారు. "దా అబ్బాయ్, కూర్చో" అని ఆయన మెల్లగా అంటే ఎంత కోపంతో ఊగిపోతున్నవాడైనా కూర్చునేవాడు. అలాంటి ఇంటి గురించి అవ్వ చెప్పిన మాట నాకు అతకలేదు.

అత్తయ్యకు వెంటనే అతికింది. "మెత్తగా మాట్లాడేవాళ్లను నేను నమ్మనే" అంది. ఆవిడ ఇంట్లో మాట్లాడితే వీధి చివర వినపడేది. అందుకని మెత్తటి గొంతులన్నిటి మీదా ఆవిడకు అనుమానమే, నా గొంతుతో సహా.

నేను బడి మొహం చూడలేదు. మా నాన్న కృష్ణా వైపు నుంచి భూముల కోసం ఈ అడవి అంచుకు వచ్చిన మనిషి. దగ్గర్లో బడి లేకపోతే చాటలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించారు. అమ్మ నోముల కథలు నేర్పింది. నా చదువంతా అదే. భగవంతుడి దయ, అదే నాకు సరిపోయింది. అత్తవారి ఊళ్లో ఎవరింట్లో నోము పట్టినా కథ చదవడానికి నన్ను పిలిచేవారు. అవ్వ నా దగ్గరికి రావడానికి కారణం కూడా ఆ చదువే అయ్యుంటుంది.

అది శ్రావణమాసం. నేను పట్టిన నోములో ఒక బాలను పిలిచి, భోజనం పెట్టి, తాంబూలం ఇవ్వాలి. ఎవరినైనా పిలవచ్చు. నేను జీడితోట ఇంటికి వెళ్లాను.

చిన్నమామయ్య అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. సంగతి చెప్పాను.

"దానికేం అమ్మాయ్, దేవుడి పని. తీసుకెళ్లు" అని, లోపలికి తిరిగి, "దా అమ్మా" అన్నారు. ఎంత మెత్తగా అన్నారంటే, అవ్వ పొరపడిందనే అనుకున్నాను.

పిల్ల వచ్చింది. ఏడెనిమిదేళ్లుంటాయి. వచ్చి, ఆయన కుర్చీ ముందు ఆగి, ఆయనకు వీపు చేసి నిలబడింది. కొత్త మనిషినని నన్ను చూస్తోంది కాబోలనుకున్నాను. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

మా అత్తయ్య గుమ్మంలోనే ఆపేసింది. "ఆ తల చూడవే, పేలు ఊరేగుతున్నాయి! ఈ తలతో దేవుడి ముందు కూర్చోబెడతావా? ముందు తలంటాలి, నడు."

పెరట్లో రాతి పలక మీద కూర్చోబెట్టాం. నూనె రాద్దామని నేను జాకెట్టు విప్పాను. అత్తయ్య కుంకుడుకాయ రసం తెస్తూ వెనక నుంచి వచ్చింది. గిన్నె కింద పెట్టేసింది.

ఆ వీపు గురించి నేను ఎక్కువ రాయను. పాతవి నల్లబడ్డాయి. వాటి మీద కొత్తవి ఉన్నాయి. అన్నీ వీపు మీదే. చేతుల మీద, కాళ్ల మీద, మొహం మీద, నలుగురికీ కనిపించే చోట ఒక్కటీ లేదు.

అత్తయ్య గిన్నె మళ్లీ అందుకుని తలకు రసం పోసింది. అది కళ్లలోకి కారింది. కుంకుడు రసం కళ్లలో పడితే ఎలాంటి పిల్లయినా పెరడు ఎగిరిపోయేలా ఏడుస్తుంది, మా పిల్లలైతే తలంటు మాట వింటేనే చెట్టెక్కేవారు. ఈ పిల్ల కళ్లు తెరుచుకునే ఉంది. ఎర్రగా అయ్యాయి. రెప్ప కొట్టలేదు. ఏడవలేదు.

అత్తయ్య తన పైట చెంగుతో దాని కళ్లు తుడిచింది. అప్పుడు గట్టిగా అరిచింది, పిల్ల మీద కాదు, ఎవరి మీదో తెలియదు: "మండట్లేదటే నీకు? మండితే చెప్పాలని తెలీదటే!"

ఆ అరుపుకు పిల్ల మొదటిసారి తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది.

సాయంత్రం చిన్నత్తయ్య వచ్చింది, పిల్లను తీసుకెళ్లడానికి. చిన్నమామయ్య భార్య ఆవిడ. మా ఆయన అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. ఆయనకు ఇంకా ఏమీ చెప్పలేదు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి స్వామిని తలుచుకుంటున్నాను.

"పిల్ల ఇప్పుడు రాదు. నోము అవలేదు" అంది అత్తయ్య.

"అదేంటి అక్కా, భోజనం పెట్టారుగా?"

"అది కోడలి నోము. ఇది నాది. తలంటు నోము."

చిన్నత్తయ్య నా వైపు చూసింది. నేను అత్తయ్య వైపు చూశాను.

"ఎప్పుడూ వినలేదే?"

"నువ్వెలా వింటావు, ఇది మా పుట్టింటి నోము. ఎవరూ లేని పిల్లకు తలంటి, వీపు తుడిచి, అన్నం పెట్టాలి. ఉద్యాపన అయ్యేదాకా ఆ పిల్ల గడప దాటకూడదు. మా మేనత్త ఒకావిడ మధ్యలో పంపేసింది. అంతే. గిన్నె మూత తీస్తే గిన్నె ఖాళీ. గాదె తెరిస్తే గాదె ఖాళీ. ఆ వచ్చింది పిల్ల కాదు, అమ్మవారు!"

"ఏ అమ్మవారు అక్కా?"

"పేరు పైకి చెప్పకూడదు. అదే నియమం."

చిన్నత్తయ్య నన్ను అడిగింది. "నువ్వు కథలు చదివేదానివి కదమ్మాయ్. ఉందా ఇది పుస్తకంలో?"

దేవుడి దీపం ముందు రోజూ కూర్చునే దాన్ని నేను. అబద్ధం చెప్పడానికి నోరు రాదు. "పుస్తకంలో లేదు చిన్నత్తయ్యా. అత్తయ్య నోటే విన్నాను" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. విన్నది ఆ క్షణంలోనే అయినా, విన్నమాట నిజం.

"మరి ఉద్యాపన ఎప్పుడు?"

అత్తయ్య అక్కడ ఒక్క క్షణం తడబడింది. తర్వాత చిన్నత్తయ్య కళ్లలోకి చూస్తూ అంది. "కుంకుడు రసం కళ్లలో పడినా ఈ పిల్ల ఏడవలేదు. ఎందుకో నీకు తెలియాలి. ఇది ఏడ్చిన రోజు ఉద్యాపన."

చిన్నత్తయ్య పైట భుజాల చుట్టూ నిండుగా కప్పుకుంది. వాకిలి దాకా వెళ్లి ఆగి, "మంచి నోమే అక్కా. జాగ్రత్తగా చేసుకోండి" అని వెళ్లిపోయింది. ఆవిడ ఆ తర్వాత మా గడప తొక్కలేదు. కానీ ఆవిడ బతికున్నన్నాళ్లూ ప్రతి శ్రావణమాసానికీ ఎవరో ఒకరి చేత మాకు కుంకుడుకాయలు పంపించేది.

అలా పిల్ల మా ఇంట్లో ఉండిపోయింది. ఉండిపోయిందని తేలిగ్గా రాస్తున్నాను కానీ, ఆ రోజుల్లో ఏ పూటకు ఆ పూట భయమే. మా ఆయనకు అన్నీ చెప్పాను. ఆయన నెమ్మదస్తుడు, తగువులంటే పడదు. "బాబాయ్ అలాంటివాడా?" అన్నారు. మళ్లీ ఆయనే, "వాళ్ల నాన్న వచ్చేదాకా సరే. రాకపోతే? ఎన్నాళ్లని నోము పేరు చెబుతాం? ఒకే బావి నీళ్లు తాగే వాళ్లం" అన్నారు. ఆ మాట తప్పని నేను అనను. పిల్లను పంపేస్తే ఏమవుతుందో మాకు తెలుసు, ఉంచుకోవడానికి మాకు ఏ హక్కూ లేదనీ తెలుసు. మా చేతిలో ఉన్నది లేని నోమొకటి.

ఇంట్లో నాకు ఇంకో బాధ ఉండేది. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చేది కాదు.

అన్నం వడ్డించి, "దా అమ్మా, దా బంగారం" అని నేను పిలిస్తే మాయమయ్యేది. వెతికితే ధాన్యపు బస్తాల వెనక గోడకు వీపు ఆనించి కూర్చుని ఉండేది. ఎంత బుజ్జగిస్తే అంత ముడుచుకునేది. అత్తయ్య వాకిట్లోంచి "ఒసేయ్, ఎక్కడ చచ్చావే, అన్నం చల్లారి రాయవుతోంది!" అని కేకేస్తే మాత్రం పరుగెత్తుకొచ్చేది. రోజంతా ఆవిడ తిట్లు తింటూ ఆవిడ వెనకే తిరిగేది. "దరిద్రపు మొహమా, ఆ చెంబు అక్కడ పెట్టావేంటే" అంటే నవ్వేది కూడా. రాత్రి ఆవిడ మంచం కింద పడుకునేది. అవును, కిందే. మంచం మీదకు రమ్మంటే రాలేదు.

నాకు చిన్నతనంగా ఉండేది. నా పిల్లల్లో పిల్లగా చూసుకుంటున్నానే, నన్ను చూస్తే ఎందుకు దాక్కుంటుంది? పూజ దగ్గర కూర్చుని స్వామిని ఈ మాటే అడిగాను. ఇంకా మెత్తగా పిలవాలేమో అనుకున్నాను. ఇంకా మెత్తగా పిలిచాను.

జవాబు దీపావళి తర్వాత ఒకరోజు మా అరుగు మీదే దొరికింది.

ఆ రోజు చిన్నమామయ్య వచ్చారు. వెంట ఊరి పెద్దమనుషులు కొందరు. ఆయన కుర్చీలో కూర్చుని, ఎప్పటిలాగే నెమ్మదిగా మాట్లాడారు.

"వదినా, నోములూ వ్రతాలూ నేను కాదనను. కానీ పిల్లను నాకు అప్పజెప్పి పోయారు. రేపు వాళ్ల నాన్న వచ్చి నా బిడ్డేదంటే నేనేం చెప్పాలి? ఉద్యాపన ఏదో త్వరగా కానిచ్చెయ్యండి."

"ఉద్యాపనకు ఇంకా వేళ రాలేదు మరిదీ" అంది అత్తయ్య.

పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వారు. "ఎన్నడూ ఇనని నోమమ్మా ఇది. వేళ రాకుంటే ఇంక పదేండ్లు ఉంచుకుంటవా ఏంది?"

మా ఆయన అరుగు అంచున నిలబడి నేల చూస్తున్నారు. ఆయన మొహం చూస్తే నాకు అర్థమైపోయింది, ఒప్పుకోబోతున్నారని.

పిల్ల పెరట్లోంచి బిందె పట్టుకుని వస్తోంది. చిన్నమామయ్య చూశారు. నవ్వు మొహంతో, ఎంతో ప్రేమగా, "దా అమ్మా, ఇంటికి పోదాం" అన్నారు.

పిల్ల బిందె నెమ్మదిగా కింద పెట్టింది. నడిచి వచ్చింది. ఆయన కుర్చీ ముందు నిలబడి, ఆయనకు వీపు చేసి తిరిగింది. జాకెట్టు వెనక వైపు రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకుని, నడుము వంచింది. అలాగే ఉండిపోయింది.

ఎవరూ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది. అక్కడున్న మగవాళ్లందరూ చూశారు. నవ్విన పెద్దమనిషి కండువా తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు. చిన్నమామయ్య మాత్రం, "ఏంటమ్మా ఈ ఆటలు" అన్నారు, ఆ మెత్తటి గొంతుతోనే.

అత్తయ్య ఒక్క అరుపు అరిచింది. "ఒసేయ్! అక్కడేం చేస్తున్నావే? పొయ్యి మీద పప్పు మాడిపోతుంటే కనపడట్లేదా? లోపలికి పో!"

పొయ్యి మీద పప్పు లేదు. అసలు పొయ్యే వెలిగించలేదు. పిల్ల దిగ్గున నిటారుగా అయి, లోపలికి పరుగెత్తింది.

మా ఆయన తలెత్తారు. "బాబాయ్, ఆ పిల్ల మా ఇంట్లో ఉంటుంది. వాళ్ల నాన్న వస్తే నేను జవాబు చెబుతాను. మీరు వెళ్లండి" అన్నారు. ఆయన అంతకు ముందూ ఆ తర్వాతా అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

వాళ్లు వెళ్లిపోయారు. ఆ తండ్రి ఎప్పటికీ రాలేదు, బతికి ఉన్నాడో లేదో కూడా తెలియలేదు. ఆ ఏడు మా చేనుకు బావి నీళ్లు రాలేదు, మిరప తోట నిలువునా ఎండింది. మా ఆయన దాని గురించి ఒక్క మాట అనలేదు. ఆయన భార్యనైనందుకు స్వామికి నేను పెట్టుకున్న దణ్ణాల్లో ఆ ఏటివే ఎక్కువ.

ఆ రోజు నాకు తెలిసింది, ఆ పిల్లకు అరుపంటే భయం లేదని. అరిచేవాళ్లెవరూ దాన్ని కొట్టలేదు. కొట్టేముందు వినపడింది ఒక్కటే మాట. మనమంతా పసిపిల్లకు అన్నం తినిపించడానికి, ఒళ్లోకి తీసుకోవడానికి వాడే మాట. దాన్నే నేను రోజుకు ఎన్నిసార్లు అన్నానో.

అప్పటి నుంచి మా ఇంట్లో ఆ మాట మానేశాం. మా పిల్లలకు కూడా చెప్పాను. నేను గొంతు పెంచడం నేర్చుకున్నాను. మీకు నవ్వు రావచ్చు, కానీ అది అంత తేలిక కాదు. మొదట్లో నేను కేకేస్తే నాకే దగ్గు వచ్చేది. "అట్లా కాదే, కడుపులోంచి తియ్యి" అని అత్తయ్య సంగీతం పంతులమ్మలా నేర్పించేది. గది లోపలికి వెళ్లేముందు గిన్నె ఏదైనా చప్పుడు చేసేదాన్ని. పూజలో స్తోత్రం మనసులో కాకుండా పైకి చదివేదాన్ని, నేనెక్కడున్నానో పిల్లకు తెలియాలని. కొన్ని నెలలకు నా వెనక కూడా తిరగడం మొదలుపెట్టింది. ఇప్పటికీ నాది అదే గొంతు. "పూజలు చేసే మనిషికి ఈ గొంతేంటండీ" అని చుట్టాలు నవ్వుతారు.

పిల్ల బడికి వెళ్లింది. పెద్దదైంది. అన్నీ మానిపోతాయని నేననుకున్నాను. కొన్ని మానాయి. వీపు మీద మచ్చలు తేలిపోయాయి. మంచం కింద నుంచి మంచం మీదకు ఎప్పుడో వచ్చింది. కానీ ఎవరైనా వెనక నిలబడితే పక్కకు జరిగేది. బడిలో మెత్తగా మాట్లాడే పంతులుగారు ఒకాయన ఉండేవారు, నిజంగా మంచివారు. ఆయన పిలిస్తే పలక చేతిలోంచి జారిపోయేది. అత్తయ్యను నానమ్మా అని పిలిచేది. నన్ను ఏమనీ పిలిచేది కాదు. నా ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడేది, అంతే. ఏడవడం మాత్రం లేదు. ఒకసారి కొడవలి తగిలి పాదం చీరుకుపోతే దవాఖానాలో కుట్లు వేస్తున్నంతసేపూ పైకప్పు చూస్తూ పడుకుంది. డాక్టరుగారు మెచ్చుకున్నారు. నాకు ఆ మెచ్చుకోలు వినబుద్ధి కాలేదు.

ఈలోగా ఇంకో విచిత్రం జరిగింది. మా వీధిలో ఒకావిడ, కొడుకు జబ్బు నయమైందని, తలంటు నోము పట్టింది. వచ్చి నన్ను కథ చెప్పమంది. నేను అత్తయ్య మొహం చూశాను. ఆవిడ ముందు తెల్లబోయింది, తర్వాత తనే వెళ్లి చెప్పింది. రెండోసారి చెప్పేటప్పటికి కథ పెరిగింది. గాదె ఖాళీ అయిన ఇల్లాలు ఏడు అడవులు దాటి ఆ పిల్లను వెతుక్కుంటూ వెళ్లిందట! మరుసటి శ్రావణానికి ఇంకొందరు పట్టారు. పెళ్లిళ్లయి వెళ్లిన ఆడపిల్లలు తల్లాడ వైపూ అటు తిరుమలాయపాలెం వైపూ ఈ నోమును తీసుకెళ్లారు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర ఉండే కూలీల పిల్లలను పిలిచి తలంటి, వీపు తుడిచి, అన్నం పెట్టేవారు. వీపు తుడిచే చేతికి వీపు కనిపిస్తుంది కదా. ఒకరిద్దరు ఆడవాళ్లు చీకటి పడ్డాక మా ఇంటికి వచ్చి, "మేం పిలిచిన పిల్ల వీపు బాగా లేదండీ, ఏం చెయ్యాలి?" అని అడిగిన రోజులున్నాయి. చేయగలిగింది చేశాం. చేయలేనివి కూడా ఉన్నాయి. అవి నా ప్రార్థనలో ఉన్నాయి.

ఊరంతా ఇలా నోము పడుతుంటే అత్తయ్యకు భయం పట్టుకుంది. ఒకరోజు బియ్యం ఏరుతూ అంది.

"ఏమే, దేవుడి పేరు పెట్టి అబద్ధమాడాను. అది చాలక ఊరిచేత ఆడిస్తున్నాను. పైన నాకేం రాసిపెట్టాడో."

"మంచికే కదా అత్తయ్యా."

"నువ్వు చెబితే సరిపోయిందా, ఆయన చెప్పాలి."

భద్రాచలం తీసుకెళ్లమంది. గోదావరిలో స్నానం చేయించి, గుళ్లోకి తీసుకెళ్లాను. ఆవిడ స్వామి ముందు చాలాసేపు నిలబడింది, వెనకవాళ్లు విసుక్కునేదాకా. బయటికి వచ్చాక, "ఏమడిగారు?" అన్నాను.

"అడగడానికేముంది. జరిగింది చెప్పి వచ్చాను. నచ్చకపోతే ఆ పిల్లను ఏడిపించమన్నాను, ఉద్యాపన చేసేస్తానని."

ఆ పిల్ల ఏడవలేదు. అత్తయ్య మంచాన పడ్డప్పుడు సేవంతా అదే చేసింది. ఒళ్లు తుడిచేది, తల దువ్వేది, ఆవిడకు చెవులు మందగించాయని గట్టిగా అరిచి మాట్లాడేది. ఇద్దరి అరుపులకు మా గోడలు అదిరేవి. ఒక మధ్యాహ్నం పిల్ల గదిలో లేనప్పుడు అత్తయ్య నన్ను దగ్గరికి పిలిచింది. గొంతు బాగా తగ్గిపోయింది.

"అది ఎప్పుడైనా ఏడ్చిందా?"

"లేదు అత్తయ్యా."

"అయితే నోము నడుస్తోంది" అంది. నా చెయ్యి పట్టుకుని, "నేను పోయాక తొందరపడి ఉద్యాపన చేసెయ్యకండే. చేస్తే పంపించెయ్యాలి."

అప్పటికి ఆ పిల్లకు ఇరవై ఏళ్లు దాటాయి. పంపమని అడిగేవాడు కూడా లేడు, చిన్నమామయ్య పోయి చాలా కాలమైంది. అయినా నేను అలాగేనన్నాను.

అత్తయ్య పోయిన రోజు ఊరంతా ఏడ్చింది. ఆ పిల్ల ఏడవలేదు. మంచం కింద, తను చిన్నప్పుడు పడుకున్న చోట, గోడకు వీపు ఆనించి కూర్చుంది. నేను పక్కనే నేల మీద కూర్చున్నాను. పిలవలేదు.

తర్వాత కొన్నేళ్లకు భద్రాచలం దారిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా దానికి పని దొరికింది. అడవి ఊళ్ల నుంచి వచ్చి చదువుకునే పిల్లలు. తొంభైల మధ్యలో ఒకసారి చూడ్డానికి వెళ్లాను. గేటు దగ్గరికి వెళ్లకముందే గొంతు వినపడింది. అచ్చం మా అత్తయ్య గొంతు.

"ఏ, గా బకెట్ల చెయ్యి పెట్టకు! నువ్వేందే గట్ల నిలబడ్డవ్, తల తుడుసుకో జల్దీ!"

పిల్లలు దాన్ని లొల్లి ఆయమ్మ అంటారట. నన్ను చూసి ఆ గొంతుతోనే అందరికీ వినపడేలా అంది, "అరేయ్, మా అమ్మొచ్చింది!"

నేను గేటు ఊచ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఇన్నేళ్లకు నాకు ఒక పిలుపు వచ్చింది.

కొత్తగా చేరిన పిల్లలకు తలంటుతోంది. ఏటా అంతేనట, మొదటి వారం ప్రతి పిల్లకూ తనే తలంటుతుంది, వేరేవాళ్లను ముట్టుకోనివ్వదు. ఒక చిన్నది కళ్లలో కుంకుడు రసం పడి కెవ్వుమంది. కాళ్లు తన్నుకుంటూ, తల్లిని పిలుస్తూ ఏడుస్తోంది. మా పిల్ల దాని తల మీద నీళ్లు పోస్తూ నా వైపు చూసి నవ్వింది. ఎంత సంతోషమో ఆ మొహంలో.

"చూసినవా అమ్మా, ఎంత మంచిగ ఏడుస్తుందో! ఏడ్సేటోళ్లతోటి రంది లేదు, భయం లేదు."

"ఏడవనివాళ్లు?"

"వాళ్లను నా పక్కన పండుకోబెట్టుకుంట." చేతులు తుడుచుకుంది. "ఈ ఏడు ఇద్దరున్నరు."

ఆ ఇద్దరినీ చూపించింది. ఒక పిల్ల వంటగది తలుపు చాటున ఉంది. మా పిల్ల దాన్ని పిలవలేదు. చెంబుతో బకెట్టు మీద చప్పుడు చేసుకుంటూ, ఏదో ఒకటి తిట్టుకుంటూ, తనే దాని దగ్గరికి నడిచి వెళ్లి పక్కన చతికిలబడింది. చాలాసేపు అలాగే కూర్చుంది. ఆ పిల్ల దాని పైట చెంగు పట్టుకుంది.

బస్సులో వస్తూ నేను కళ్లు మూసుకుని స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. ఆకులవ్వ మా అరుగు మీద కట్ట దించిన ఆ పొద్దుటికి. ఎండిన మిరప తోటకు. పేరు లేని ఆ అమ్మవారికి.

నేను ఉద్యాపన చేయలేదు. మాట ఇచ్చాను కనుక చేయను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు నేను ఇంతవరకూ చూడలేదు. అది ఏడవాలని నేను కోరుకోవడం లేదు, ఏడవకూడదనీ కోరుకోవడం లేదు.

ఇది చదివే వాళ్లలో తలంటు నోము పట్టే ఇల్లాళ్లు ఎవరైనా ఉంటే, లేదా ఎక్కడైనా ఈ కథ వింటే, మీకు ఒక మనవి. ఇది ఏ పుస్తకంలోనూ లేదని తెలిసి నోము మానకండి. కథ అయ్యాక అక్షింతలు నెత్తిన వేసుకునేటప్పుడు, గొంతు పెద్దదైన ఒక ముసలావిడను తలుచుకోండి. ఒక పిల్ల కోసం దేవుడి పేరు మీద అబద్ధమాడి, ఆ లెక్క తనదేనని చివరిదాకా భయపడుతూ పోయిన మనిషి. ఆవిడ పేరు మీద ఉద్యాపన ఇంకా మిగిలే ఉంది. మా అత్తయ్యను ఒక్కసారి తలుచుకోండి.